మూడో గేటు మీద తువ్వాలు

చింతపల్లి కొండల్లో మాది చిన్న జలవిద్యుత్ కేంద్రం. మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది. గేటు వెనక కాలువలోకి దిగే మనిషి తన తువ్వాలు ఆ గేటు చక్రానికి కట్టి దిగుతాడు. అతను పైకొచ్చి విప్పేదాకా, ఎంత పెద్ద ఆఫీసరు చెప్పినా ఆ చక్రాన్ని ఎవరూ ముట్టరు.

ఆ రోజు మూడో గేటుకి ఎర్ర తువ్వాలు ఉంది. అది మా ఆయన సుక్రుది. వానలకు కొట్టుకొచ్చిన సిల్వర్ ఓక్ ఆకు, చెత్తను ఆపే ఇనప కమ్మీలకు పట్టేస్తే లాగడానికి దిగాడు. నేను కంట్రోల్ రూమ్‌లో ఆపరేటర్ని. కిటికీలోంచి ఆ తువ్వాలు కనిపిస్తూనే ఉంది.

విశాఖ నుంచి వచ్చిన ఉదయ్ సార్ కొత్త కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఇకమీదట గేట్లు మౌస్‌తో లేస్తాయట. మోటార్లను నడిపే పెట్టెకీ కంప్యూటర్‌కీ మాట కలిపే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఏ గేటుకి ఏ నంబరో రాస్తున్నాడు.

“సార్, మనిసి కిందున్నాడు. ఇప్పుడేటీ తిప్పకండి,” అన్నాను.

“అది మూడో గేటు కదా గంగాభవానీ? నేను టెస్ట్ చేసేది రెండోది.”

“అతనొచ్చినాక సేసుకోండి. కొంపలేటీ మునిగిపోవు కదా!”

“చీకటి పడకముందే ఘాట్ దిగాలమ్మా,” అంటూ నొక్కేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

స్క్రీన్ మీద రెండో గేటు పచ్చగా వెలిగి మెల్లగా లేచింది. “చూశావా?” అని నవ్వాడు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఎర్ర తువ్వాలు తిరుగుతోంది.

“ఆపండి సార్! మూడోది లేత్తంది!”

“రెండే కదా... రెండే చూపిస్తోంది,” అంటూ ఆయన స్క్రీన్ వంకే చూస్తున్నాడు. ఈయన్ని నమ్ముకుంటే నా మొగుడు దక్కడని పరిగెత్తాను. తడి మెట్ల మీద పడ్డాను, లేచాను. నీళ్ల హోరు వినబడుతోంది. మనిషి గొంతు వినబడటం లేదు. అమ్మోరు తల్లీ, నా మనిషిని నాకియ్యి! గేటు పక్కనున్న ఎర్ర బటన్ని అరచేత్తో గుద్దాను. చక్రం ఆగింది. దించే బటన్ నొక్కి, కిందికి వంగి అరిచాను.

“ఓయ్! ఉన్నావా?”

మళ్లీ అరిచాను. అప్పుడు నిచ్చెన మెట్టు మీద ఒక చెయ్యి కనిపించింది.

ఆ పెట్టె సున్నా నుంచి లెక్కపెడుతుందట. సార్ ఒకటి నుంచి రాశాడు. ఆయన రెండంటే దానికి మూడో గేటు. ఆ సంగతి తర్వాత ఆయనే చెప్పాడు.

సుక్రు చక్రానికి చుట్టుకుపోయిన తువ్వాలు విప్పి, నీళ్లోడుతూ కంట్రోల్ రూమ్‌లోకి వచ్చి కంప్యూటర్ మీద కప్పాడు.

“దీనికి కళ్లు నేవు గదా బాబూ. చక్రం మీద కడితే దీనికేటి తెలుస్తాది?” అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. “సెత్త ఇంకా సగం ఉండిపోనాది. మల్లీ దిగుతాను.”

వద్దన్నా వినలేదు.

చక్రానికి కట్టడానికి ఇంకో తువ్వాలు లేదు. అతను పైకొచ్చేదాకా నేనే ఆ చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను.