తగ్గుదలగారు పెరుగుతాయన్న రోజు

మా ఆయన జిల్లా కార్యాలయంలో ఆర్థిక లెక్కలు చూస్తారు. నగరాన్ని ఆనుకుని ఉన్న ఈ శివారు జిల్లాలో ఇళ్ల ధరలు ఎటు పోతాయో, ఉద్యోగాలు ఎలా ఉంటాయో ఏడాదికోసారి పెద్ద హాల్లో అందరినీ కూర్చోబెట్టి చెబుతారు. పెళ్లయిన నాటి నుంచి నేను వింటున్నది ఒకటే మాట, వచ్చే ఏడాది ధరలు తగ్గుతాయని. అవి మాత్రం ఏటా నిక్షేపంగా పెరిగాయి. బిల్డర్లు, బ్రోకర్లు ఆయన్ను చాటుగా ‘తగ్గుదలగారు’ అంటారు. ముఖం మీద అనడానికి వాళ్లకు మొహమాటం. నాకు ఆ మొహమాటం ఎప్పుడూ లేదు.

ఇతరులు నమ్మినా నమ్మకపోయినా ఆయన మాట ఆయన నమ్ముతారు. మా కొంప ముంచింది అదే. తగ్గాక కొందాం, తగ్గాక కొందాం అంటూ ఇన్నేళ్లూ అద్దె వాటాలోనే ఉండిపోయాం. ఆ వాటాలో ఫ్రిజ్ తలుపు తీస్తే స్నానాల గది తలుపు తెరుచుకోదు. పాలు కావాలంటే ముందు లోపలున్న మనిషి అనుమతి తీసుకోవాలి. మా అత్తయ్య హాల్లో కర్టెన్ వెనక పడుకుంటుంది. మాట్లాడాలనిపించినప్పుడు కర్టెన్ మధ్యలోంచి తల మాత్రం బయటపెడుతుంది. రోజులో ఎక్కువ భాగం ఆ తల బయటే ఉంటుంది.

నేను డ్రైవింగ్ నేర్పుతాను. ‘ఇల్లు అమ్మబడును’ అన్న బోర్డు ఎక్కడ కనిపిస్తే నా శిష్యులు అక్కడే రివర్స్ నేర్చుకోవాలి. వాళ్లు వెనక్కి చూస్తూ చెమటలు కక్కుతుంటే నేను తీరిగ్గా ఇల్లు చూసుకుంటాను. అలా చూసిన వాటిలో ఒక ఆకుపచ్చ గేటు ఇల్లు నా మతి పోగొట్టింది. ఆ సందులో మా బండి ఎన్నిసార్లు ముందుకీ వెనక్కీ తిరిగిందంటే, చివరికి ఇంటావిడే బయటికి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

“ఏమ్మా, ఈ రోడ్డు మీ స్కూలుకి ఎవరైనా రాసిచ్చారా?”

ఆవిడ పళ్ల డాక్టరు. పని మానేసి, చెల్లెలి ఊరికి వెళ్లిపోదామని ఇల్లు అమ్మకానికి పెట్టింది. ఉన్న సంగతి చెప్పేశాను. లోపలికి రమ్మంది. వంటగదిలో ఇద్దరు పక్కపక్కన నిలబడ్డా మోచేతులు తగలవు. పెరటి వైపు ఒక చిన్న గది, దానికి తలుపు, తలుపుకి గడియ. మర్నాడు అత్తయ్యను తీసుకెళ్తే, ఆ గదిలోకి వెళ్లి తలుపేసుకుని ఎంతకీ బయటికి రాదే! తలుపు కొడితే లోపల్నుంచి నవ్వు వినిపించింది.

“ఎవరూ?” అంది దర్జాగా. ఆ మాట అనే అవకాశం ఆవిడకు ఎన్నేళ్లకు దొరికిందో.

డాక్టరుగారు చెప్పిన ధర మాకు సరిగ్గా అందుతుంది. ఆవగింజంత పెరిగినా అందదు. ఆవిడ మాత్రం ఇప్పుడు అమ్మాలా, ఆగాలా అని ఊగిసలాడుతోంది.

“మీ ఆయన ప్రసంగం ఏటా వింటానమ్మా. అది వినకుండా ఏ పనీ చెయ్యను. ఆ రోజు హాల్లోనే నీకు ఏ సంగతీ చెప్పేస్తాను” అంది.

నేను ఎగిరి గంతేశాను. ఆయన ఎలాగూ తగ్గుతాయనే అంటారు, ఈవిడ కంగారుపడి మాకు ఇచ్చేస్తుంది. మమ్మల్ని ఇన్నేళ్లు ఏడిపించిన రోగం ఒక్కసారి పనికొస్తే తప్పేమిటి? అన్నీ కుదిరాకే చెబుదామని ఇంట్లో ఆయనకు ఈ విషయం చెప్పలేదు.

ప్రసంగం రోజు ఉదయం ఆయన అద్దం ముందు టై కట్టుకుంటూ ప్రసంగం వల్లె వేసుకుంటున్నారు.

“ఈ ఏడాది మన జిల్లాలో ఇళ్ల ధరలు గట్టిగా పెరుగుతాయి.”

నా చేతిలో గరిటె ఆగిపోయింది. “ఏమన్నారూ?”

“పెరుగుతాయి.”

కర్టెన్లోంచి అత్తయ్య తల బయటికొచ్చింది. “ఒరేయ్, ఒంట్లో బాగానే ఉందా?”

“బాగానే ఉందమ్మా. ఇన్నాళ్లూ నాదే పొరపాటు. నగరంలో ఉండలేక జనం ఇటు వస్తూనే ఉంటారని ఒప్పుకోలేకపోయాను. ఈసారి లెక్కలన్నీ మొదట్నుంచీ వేశాను. కొత్త ఇళ్లకు అనుమతులు సగానికి పడిపోయాయి, వడ్డీలు దిగుతున్నాయి, రైలు మార్గం వస్తోంది. ఇక తగ్గే ప్రశ్నే లేదు.”

ఇంటి సంగతంతా గబగబా చెప్పేశాను. వింటూ వింటూ ఆయన ముఖం వెలిగింది, అంతలోనే ఆరిపోయింది.

“ఏమండీ, మీ కాళ్లు పట్టుకుంటాను. తగ్గుతాయనండి చాలు. ఇన్నేళ్లూ ఎవరూ అడక్కుండానే అన్నారుగా!”

“అప్పుడు నిజమనుకుని అన్నానే. ఇప్పుడు కాదని తెలిసి ఎలా అనను?”

“అబద్ధమాడరా, తల్లిగా చెబుతున్నాను” అంది అత్తయ్య.

“అమ్మా! జిల్లా అంతా వింటుంది. మన ఇంటి కోసం ఊరందరికీ తప్పు చెప్పమంటావా?”

ఆయన చేతికి సంచి ఇచ్చి, ముఖం చూడకుండా పంపేశాను. ఒళ్లు మండిపోయింది. పోనీ నిజాయితీ అంత ముఖ్యమైతే ఫ్రిజ్ పక్కన దానికీ ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టాలి!

హాలు కిటకిటలాడుతోంది. నేను, అత్తయ్య, మా మధ్య డాక్టరుగారు మూడో వరుసలో కూర్చున్నాం. టీ, బిస్కెట్లు ఇచ్చారు. ఏడుపు ఆపుకోవడానికి బిస్కెట్లు నములుతున్నాను.

ఆయన మైకు సవరించుకుని ఒకే ముక్కలో చెప్పేశారు. “ఈ ఏడాది ధరలు పెరుగుతాయి.”

వెనక ఎక్కడో ఒక కుర్చీ పడింది. ముందు వరుసలోంచి ఒక బిల్డరు లేచాడు.

“సార్, మళ్లీ చెప్పండి. ఏమవుతాయన్నారు?”

“పెరుగుతాయండీ. గట్టిగా.”

“అయిపోయాం!” అంటూ అతను ఫోను తీశాడు. “ఒరేయ్, పునాదులు ఆపెయ్యండి! ఎందుకేమిట్రా, ఆయన పెరుగుతాయన్నాడు!”

ఒక బ్రోకరు చేతిలోని కాగితాలతో విసురుకోవడం మొదలుపెట్టాడు. ఇంకొకాయన తన రెండు ఇళ్లూ ఈ సాయంత్రమే అమ్మేస్తానంటూ గుమ్మం వైపు పరుగెత్తాడు. మిగతావాళ్లు పగలబడి నవ్వుతున్నారు. మా ఆయన తెరమీద బొమ్మలు మారుస్తూ, భయపడాల్సింది ఏమీ లేదని ఓపిగ్గా వివరిస్తున్నారు. ఆయన ధైర్యం చెప్పేకొద్దీ హాలు బెంబేలెత్తిపోతోంది.

డాక్టరుగారు నా మణికట్టు పట్టుకుంది. పన్ను పీకేటప్పుడు కూడా అంత గట్టిగా పట్టుకుని ఉండదు.

“తల్లీ, నీకు చెప్పిన ధరకే ఇచ్చేస్తాను. ఇప్పుడే సంతకం పెట్టు. ఆగితే నా ఇంటిని అడిగేవాడు ఉండడు.”

“ఆయన మాట విననిదే ఏదీ చెయ్యనన్నారు కదండీ!”

“అవును మరి. విని, సరిగ్గా దానికి తిరగేసి చేస్తాను. ఆ ఇల్లు కొన్నది కూడా ఆయన తగ్గుతాయన్న ఏడాదే.”

అటుపక్క నుంచి అత్తయ్య నా వైపు వంగింది. గుసగుస అనుకుంది గానీ మూడు వరుసలకు వినిపించింది. “అమ్మాయ్, తొందరపడకు. రెండు నెలలు ఆగితే ఇంకా దిగొస్తుంది. వీడు చెప్పింది ఎప్పుడైనా జరిగిందా?”

ఆ మాటా నిజమే. ఆగితే చవగ్గా రావచ్చు. నిజంగా ధరలు పెరిగితే మాత్రం ఆ ఇల్లు ఇక మాది కాదు. నేను వేదిక వైపు చూశాను. ఇంతమంది నవ్వుతుంటే ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, తర్వాతి అంకె చెబుతున్నారు. పొద్దున నేను అడిగిన ఒక్క మాట అని ఉంటే ఈ నవ్వులు లేవు, ఇంట్లో నా అలకా లేదు. ఇన్నేళ్లూ ఆ మనిషి తప్పు చెప్పి ఉండొచ్చు, అబద్ధం మాత్రం చెప్పలేదు. తన తప్పెక్కడుందో తనే వెతికి దిద్దుకున్నారు కూడా. నాకు ఆయన మీద పట్టలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది, అదీ అంతమంది మధ్య, నోటినిండా బిస్కెట్టు ఉండగా.

బిస్కెట్టు మింగి అన్నాను. “డాక్టరుగారూ, ఈసారి ఆయన చెప్పిందే నిజం. ధరలు పెరుగుతాయి. ఆగితే మీకే లాభం. బాగా ఆలోచించుకోండి.”

అనేశాక నా నోటిని నేనే తిట్టుకున్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, ముచ్చటపడిపోయి బుగ్గ గిల్లింది.

“మొగుణ్ణి వెనకేసుకొస్తే ఇలా వెనకేసుకురావాలి! పెన్నుందా?”

ఒప్పందం కాగితాలు ఆవిడ సంచీలో సిద్ధంగానే ఉన్నాయి. రాసుకోవడానికి బల్ల లేదు. అత్తయ్య వీపు వంచింది, దానిమీదే సంతకం పెట్టాను. “రెండు నెలలు ఆగి ఉంటే...” అని అత్తయ్య సణుగుతూనే ఉంది. నాకు నవ్వొచ్చింది, ఆవిడ వీపు కదిలింది, నా సంతకం వంకర పోయింది.

సభ ముగిసి జనమంతా ఫోన్లలో అరుచుకుంటూ వెళ్లిపోయాక ఆయన బయటికొచ్చారు. టై వదులైపోయింది. నన్ను చూసి మెట్ల దగ్గరే ఆగిపోయారు.

“ఒక్కరు కూడా నమ్మలేదు” అన్నారు. “నీ ఇల్లు కూడా నేనే పోగొట్టాను, కదూ?”

“ఒకరు నమ్మారండీ. నమ్మి, ధర పెరిగేలోపు ఇల్లు కూడా కొనేశారు.”

“ఎవరు?”

“మనమే.”

ఆయన అక్కడే మెట్టు మీద కూలబడ్డారు. ఏ ఇల్లో, ఎంతకో, ఎప్పుడు వెళ్తున్నామో ఒక్క ముక్క అడగలేదు. నా ముఖంలోకే చూస్తూ, “నువ్వు నమ్మావా?” అన్నారు. “నువ్వా?”