బ్రేకు తొక్కితే వణికే బండి

ఆ రబ్బరు పైపు అరిగి చిరగలేదు, ఎవరో సూదితో పొడిచారు.

మెకానిక్ టార్చి దగ్గరగా పెట్టి మళ్ళీ చూసింది. క్లిప్పు పక్కన, మామూలుగా కన్ను పడని చోట, గుండ్రటి చిల్లు. దాని అంచు నుంచి గోరంత చీలిక పాకింది.

కారు నర్సుది. డీజిల్ బండి. ఊరికే నిలబెడితే ఇంజన్ బుద్ధిగా తిరుగుతుంది. బ్రేకు తొక్కితే చాలు, చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. ఇదే షెడ్డులో సర్వీసింగ్ చేయించుకుని వెళ్ళాక మొదలైంది రోగం. మళ్ళీ తెస్తే మెకానిక్ ఫిల్టర్ మార్చి, డీజిల్ చిమ్మే నాజిళ్ళు కడిగి పంపింది. తగ్గలేదు.

"నిన్న సిగ్నల్ దగ్గర పెడల్ రాయిలా బిగుసుకుపోయింది," అంది నర్సు పొద్దున వచ్చి. "ముందున్న సైకిలాయన వెంట్రుకవాసిలో బతికాడు. నేను రోగుల్ని చూసుకునేదాన్ని తల్లీ, తయారుచేసేదాన్ని కాదు. ఇవాళ తేలకపోతే పోలీసుల దగ్గరే తేల్చుకుంటా."

పోలీసులు వస్తే షెడ్డుకు తాళమే. తండ్రి పోయాక మెకానిక్‌కు మిగిలింది ఈ రేకుల కప్పూ, ఈ పనిముట్లూ. పనిలో ఉన్నంతసేపూ మాట్లాడేది ఇంజన్లతోనే. అవి తిరిగి జవాబు చెప్పవు.

లోపాలు చెప్పే కంప్యూటర్ పెట్టెను బండికి తగిలించింది. ఏ లోపమూ లేదంది. ఇక చేతులే దిక్కు. ఇంజన్ పక్కనున్న పంపు గాలిని లాగుతుంది. ఆ లాగుడు బలం లావు పైపులోంచి బ్రేకుకు వెళ్తుంది. దాన్నుంచే చీలిన సన్న పైపు, పొగను తిరిగి ఇంజన్‌లోకి పంపే వాల్వును నడుపుతుంది. నర్సును సీట్లో కూర్చోబెట్టి బ్రేకు తొక్కమంది. సన్న పైపును మొదట్లోనే పటకారుతో నొక్కింది. వణుకు టక్కున ఆగింది. వదిలింది. మళ్ళీ మొదలు.

అలా దొరికింది చిల్లు. ఎవరు చేశారు? షెడ్డు తాళంచెవులు రెండే. ఒకటి తన మొలలో ఉంది, రెండోది బాబాయి దగ్గర.

నర్సును టీ తాగి రమ్మని పంపి, పైపులో చిల్లున్న ముక్క కోసుకుని, షెడ్డును రెండుగా చేసే మధ్య రేకు దాటి అవతలికి నడిచింది. అక్కడ బాబాయి టైర్లకు పంక్చర్లు వేస్తాడు. నాన్న తమ్ముడు. మధ్యాహ్నం ఈమె ఇటు తింటుంది, ఆయన అటు తింటాడు. ఒకరి చెంచా చప్పుడు ఇంకొకరికి వినిపిస్తుంది. అంతవరకే.

"ఏంటమ్మాయ్, దారి తప్పావా?"

"ఇది చూడు బాబాయ్."

ఆయన ట్యూబు నీళ్ళలో ముంచుతూ ఓరగా చూశాడు. "ఎలుక పనే."

"ఇంత గుండ్రంగా కొరికిందా?"

"ఈ కాలం ఎలుకలు చదువుకున్నవి."

ఆమె నవ్వలేదు. "నిన్న బ్రేకు పట్టక ఒక మనిషి పోవాల్సింది, తెలుసా?"

ఆయన చేతిలోంచి ట్యూబు జారింది. "బ్రేకా? పొగ వాల్వు పైపుకు బ్రేకుతో ఏంటి..." అని నాలిక కరుచుకున్నాడు.

అది వాల్వు పైపుదని ఆమె చెప్పనేలేదు. అరచేతిలో ఉన్నది వేలెడు ముక్క. ఆమె స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"నేనే పొడిచాను," అన్నాడు. "బండి సర్వీసింగ్‌కు వచ్చినప్పుడు, పంక్చర్ సూదితో. ఇంజన్ కాస్త తడబడుతుంది, అంతేననుకున్నా. పాత రబ్బరు వేడికి చీలుతుందని, అటు బ్రేకు బలం కూడా కారిపోతుందని తట్టలేదు. ఒకప్పుడు మీ నాన్న, ఇంజన్ అర్థంకాకపోతే, 'ఒరేయ్ తమ్ముడూ, విని చెప్పరా' అని కేకేసేవాడు. స్క్రూడ్రైవర్ కొన ఇంజన్‌కు, పిడి చెవికి ఆనించి, విని చెప్పేవాణ్ణి. నువ్వు ఆ పెట్టె కొన్నాక నన్నెవరూ పిలవలేదు. దానికి అంతుపట్టని రోగమేదైనా వస్తే, రేకు దాటి వస్తావనుకున్నా. ఫిల్టర్ మార్చావు. నాజిళ్ళు కడిగావు. నన్ను మాత్రం పిలవలేదు. నువ్వు ఒక్కదానివే తిట్టుకుంటూ వెతుకుతుంటే ఇవతల కూర్చుని అన్నీ విన్నా, నోరు రాలేదు. ఆ నర్సమ్మ టీకొట్టు దగ్గరే ఉంది కదూ? పద. నా నోటితోనే చెప్తా."