నాలుగు వేళ్ల వదులు

గుంటూరు మిర్చి యార్డులో వీరమ్మ చేతి కుట్టుకు ఒక పేరుంది. ఇరవై రెండేళ్లుగా మిరపకాయల బస్తాల మూతులు కుడుతోంది. ఆమె కుట్టిన బస్తాను లారీ మీంచి పడేసినా ఒక్క కాయ బయటికి రాదని హమాలీలు ఒట్టేసి చెప్తారు. అలాంటి మనిషి ఇప్పుడు చీమకుర్తిలో, నీళ్లు నిండిన పాత గ్రానైటు క్వారీ గట్టున గొంతుక్కూర్చుని, పేరు కూడా తెలియని ఒక వస్తువును ఒళ్లో పెట్టుకుని దిక్కుతోచక చూస్తోంది.

మూడు రోజుల కిందట ఆమె కొడుకు సాల్మన్ ట్రాక్టరుతో సహా ఆ నీళ్లలోకి జారిపోయాడు. ట్రాక్టరు అరవై అడుగుల లోతులో రెండు బండల మధ్య ఇరుక్కుంది, సాల్మన్ దాని కింద ఉన్నాడు. ప్రాణం మీద ఆశ ఎవరికీ లేదు, శవమైనా దక్కితే చాలు. చీమకుర్తిలో క్రేన్లకేం కరువు, ఇల్లంత బండనైనా అవలీలగా ఎత్తిపడేస్తాయి. కానీ ఇనుప తాడు కొక్కేన్ని ఎవరో ఒకరు లోపలికి పోయి ట్రాక్టరుకు తగిలించాలి గదా. సముద్రం ఒడ్డు నుంచి వచ్చిన గజ ఈతగాడు హయాత్ రెండుసార్లు దిగాడు. ఆరడుగుల మనిషి, తలుపంత వెడల్పు. బండల సందులో తల పట్టింది గానీ భుజాలు పట్టలేదు. మోటార్లు మూడు రోజులుగా నీళ్లు తోడుతుంటే జానెడు తగ్గాయి. పూర్తిగా తోడాలంటే నెల పడుతుందని క్వారీ పెద్దమనుషులు సెలవిచ్చి కారెక్కి వెళ్లిపోయారు. నెల తర్వాత ఆ నీళ్లలో ఏం మిగులుతుందో వాళ్లు చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా.

ఆ సందులో పట్టే మనిషి ఒక్కతే ఉంది, వీరమ్మ కూతురు మహిమ. విశాఖపట్నంలో టూరిస్టులను సముద్రం అడుక్కి తీసుకెళ్లి చూపించే పని చేస్తుంది. నాలుగడుగుల పది అంగుళాల మనిషి. కబురు అందగానే కట్టుబట్టలతో రైలెక్కి వచ్చేసింది. ఇక్కడ దొరికింది హయాత్ ఒంటి కొలతకు చేసిన గాలి జాకెట్టు. అది వీపున గాలి సిలిండరును మోస్తుంది. మీట నొక్కితే లోపలి సంచిలోకి గాలి నిండి మనిషిని పైకి తేలుస్తుంది, గాలి వదిలితే కిందికి దించుతుంది. ఒంటికి సరిగ్గా అమరి ఉండాలి. మహిమ వేసుకుంటే చెవుల దాకా లేచింది, సిలిండరు అటూ ఇటూ ఊగి ఆమెను వెల్లకిలా తిప్పేసింది.

"కుట్టమ్మా," అంది మహిమ. "భుజాల దగ్గర మడిచి కుట్టు. నడుం దగ్గర పట్టీ తగ్గించు. వీపు దగ్గర గోనె పట్టా మడత పెట్టు. నీకంటే బాగా ఎవరు కుడతారు?"

కొడుకును తెచ్చి నా ఒళ్లో పెట్టండని మూడు రోజులుగా కనపడిన ప్రతివాడి కాళ్లూ పట్టుకున్న వీరమ్మకు ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది. యార్డు నుంచి పరుగెత్తి వచ్చేటప్పుడు చేతిసంచిలోనే ఉండిపోయిన దబ్బనం తీసింది. కోడలు క్రిస్టీనా పక్కన చేరి నైలాను దారం అందించింది. సాల్మన్ ఆదివారం చర్చికి వేసుకునే తెల్ల చొక్కాను ఆ పిల్ల ఇస్త్రీ చేసి తెచ్చుకుంది, పెట్టెలో పెట్టేటప్పుడు తొడగాలని.

వీరమ్మ బస్తా కుట్టినట్టే కుట్టింది. ఆవిడకు తెలిసింది అదే. యార్డులో కుట్టు వదులైతే మర్నాడు పనికి పిలవరు. మోకాలితో అదిమి, దారం లాగి, వేలు దూరనంత బిగువుగా కుట్టి కూతురికి తొడిగింది. అతికినట్టుందని హయాత్ కూడా మెచ్చుకున్నాడు.

మహిమ ఒడ్డున మొలలోతు నీళ్లలో నిలబడి మీట నొక్కింది. సంచిలో గాలి నిండింది. నిండిన గాలికి ఉబ్బడానికి చోటు లేక లోపలున్న పిల్ల గుండెల్ని నొక్కేసింది. మహిమ మొహం కందిపోయింది. నోరు తెరిచింది, ఊపిరి లోపలికి పోలేదు. కళ్లు తేలేసింది. హయాత్ ఒక్క అంగలో చేరి గాలి వదిలేసి ఆమెను బయటికి లాగాడు. అంతా కలిపి పది సెకన్లు పట్టిందేమో. మూడు రోజులుగా వీరమ్మ కొడుకు పోయాడని ఏడుస్తోంది. ఎలా పోయాడో ఇప్పుడు చూసింది.

మహిమ దగ్గుతూనే నవ్వింది. "ఇది మిరపకాయల బస్తా కాదే అమ్మా. నాలుగు వేళ్లు వదులుంచు, గాలి ఉబ్బాలిగా. విప్పి మళ్లీ కుట్టు."

"లోపలి సంచికి మాత్రం సూది తగలనీయకు పెద్దమ్మా," అన్నాడు హయాత్. "నా దగ్గర ఇదొక్కటే ఉంది. పైగా నీళ్లు తగ్గేకొద్దీ బండలు కదులుతున్నాయి. ఇవాళ దాటితే నేనే ఎవర్నీ దిగనివ్వను."

వీరమ్మ కుట్లు విప్పి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి కొలత తెలుసు. భుజాలు కుదిరాయి, వీపు కుదిరింది. నడుం దగ్గర ఇంకో ఆరు కుట్లు పడితే అయిపోతుంది. అవతల మహిమ కాళ్లకు రబ్బరు రెక్కలు తొడుక్కుంటూ, కొక్కెం ఎక్కడ తగిలించాలో అడుగుతోంది.

"నువ్వు లోపలుండగా బండ కదిలితే?" అన్నాడు హయాత్.

"కదిలేలోపు వచ్చేస్తా."

సాల్మన్ కూడా అంతే, ఏ పనికి పోతూ అయినా ఇట్లాగే అనేవాడు.

వీరమ్మ దబ్బనాన్ని తిప్పి పట్టుకుంది. పైగుడ్డను తడిమి, కింద మెత్తగా తగిలిన గాలి సంచిలోకి దించింది. తీసి మళ్లీ దించింది. అడ్డంగా చీల్చింది. తల ఎత్తేసరికి క్రిస్టీనా ఆమె చేతినే చూస్తోంది.

మహిమ వచ్చి జాకెట్టు గొట్టంలో నోటితో ఊదింది. ఊదిన గాలి ఊదినట్టే బయటికి పోయింది. వెతికి చిరుగు పట్టుకుంది.

"ఏందమ్మా ఇది?"

"చెయ్యి జారింది."

"నీ చెయ్యి జారడమేంటి? ఇరవై రెండేళ్లలో ఎప్పుడన్నా జారిందా? నిజం చెప్పు. అన్నని అక్కడే వదిలేద్దామనుకున్నావా?"

వీరమ్మకు అవునని చెప్పాలని ఉంది. పోయినవాడి కోసం ఉన్నదాన్ని పంపలేనని అరవాలని ఉంది. పక్కన కోడలుంది. మొగుడి మొహం చివరిసారి చూడాలని మూడు రోజులుగా పచ్చి మంచినీళ్లు ముట్టని పిల్ల ముందు ఆ మాట ఏ నోటితో అంటుంది?

"మీ అమ్మనేం అనకు మహిమా," అంది క్రిస్టీనా. "దారం అందిస్తుంటే నా మోచెయ్యి తగిలింది. తప్పు నాది."

మహిమ వదిన మొహంలోకి చూసింది. జాకెట్టు అక్కడే వదిలేసి, గట్టు మీద చతికిలబడి భోరున ఏడ్చింది.

వీరమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. "నన్ను తిట్టవే," అంది.

"తిడతానత్తా. నెల రోజులుంది గదా, తీరిగ్గా తిడతాను. ముందు దాని దగ్గరికి పో."

వీరమ్మ లేచి కూతురి దగ్గరికి వెళ్లింది.