అరువు ముక్కు

మా దీవుల్లో అడిగినవాడికి లేదనకూడదు. చుట్టం వచ్చి ఎదురుగా కూర్చుని, "బుబుసి" అని ఆ ఒక్క మాట పలికి అడిగాడంటే ఇచ్చి తీరాలి. పడవ అడిగితే పడవ, పందిపిల్లనడిగితే పందిపిల్ల. ఇవ్వనివాడు బతికున్నా చచ్చినవాడి కిందే లెక్క, వాడి గడప ఎవరూ తొక్కరు. అందుకే మావాళ్ళలో కూడబెట్టి బాగుపడ్డవాడూ లేడు, పస్తులుండి పోయినవాడూ లేడు. మంచి ఆచారమే, కాదనను. కాకపోతే దాన్ని పెట్టిన ముత్తాతలకు, ఎప్పుడో ఒకనాడు మనిషి ముక్కులో పుల్ల దూర్చి ఇంటికి పోనివ్వాలో వద్దో తేలుస్తారని ఏం తెలుసు పాపం!

కరోటు ఓడ మనిషి. కిరిబాస్ దేశంలో ఓనోటోవా దీవి వాడు. సరుకు ఓడలో ఒప్పందం ముగించుకుని ఇంటికి బయల్దేరి ఫిజీ దాకా వచ్చేసరికి లోకమంతా మహమ్మారి చుట్టుకుంది. మా దేశంలో అప్పటికి ఒక్కరికీ జబ్బు లేదు. ఎవర్నీ రానివ్వం అని ప్రభుత్వం తలుపులు బిడాయించుకుంది, సొంత బిడ్డల్ని కూడా. ఫిజీలోనే నాంది అనే ఊరి సముద్రపొడ్డున ఒక హోటల్లో మావాళ్ళని పెట్టారు. తిండి పెట్టారు, గది ఇచ్చారు, ఇంటికి మాత్రం పంపలేదు. రెండు క్రిస్మస్‌లు అక్కడే పాటలు పాడుకుని ఏడ్చారు.

ఈలోగా జబ్బు ఫిజీకీ వచ్చింది, కరోటుకీ వచ్చింది. నాలుగు రోజులు జ్వరం కాసి తగ్గిపోయింది. మనిషి కోలుకున్నాడు గానీ ముక్కు కోలుకోలేదు. తలుపులు కాస్త తెరిచి, నెగటివ్ వచ్చినవాళ్ళని విమానంలో రమ్మన్నప్పుడు కరోటుకి పాజిటివ్ వచ్చింది. చాన్నాళ్ళకు రెండో విమానం వచ్చింది, మళ్ళీ పాజిటివే. "చచ్చిన పురుగు తాలూకు ముక్కలు నీ ముక్కులో ఉండిపోయాయి, నీవల్ల ఎవరికీ అంటదు" అన్నాడు డాక్టరు. అంటనప్పుడు పంపొచ్చుగా అంటే, రూలు ఒప్పుకోదన్నాడు. ఆ రూలు నోట్లో మట్టి పడ!

ఇప్పుడు మూడో విమానం వస్తోంది. దీని తర్వాత మరొకటి ఎప్పుడో ఎవరికీ తెలీదు.

ఓనోటోవాలో కరోటు భార్య మయేరెకి కడుపులో గడ్డ. రాజధాని టరావాలో ఆస్పత్రి వాళ్ళు కోసి చూసి, చేసేదేం లేదని కుట్టేసి ఇంటికి పంపేశారు. దీవి ఆఫీసు దగ్గర తప్ప ఫోను అందదు కాబట్టి, కరోటుతో మాట్లాడాల్సిన రోజున ఆమె తమ్ముడు ఆమెను తోపుడు బండిలో కూర్చోబెట్టి ఇసకలో అంత దూరం తోసుకొస్తాడు. కరోటు ప్రతిసారీ ఒకటే మాట చెబుతాడు: "వస్తున్నా. ఈసారి ఖాయం." ఆమె కళ్ళు మూసేలోపు ఆమె పక్కన చాప మీద కూర్చోవాలి. అతనికి ఇంక వేరే కోరిక లేదు.

పరీక్ష ముందు రోజు సాయంత్రం కరోటు బిరిబో గదికి వెళ్ళాడు. బిరిబో అతని బాబాయి కొడుకు, కుర్రాడు. వేరే ఓడ దిగి ఆలస్యంగా ఇక్కడికి చేరాడు. అతని భార్య టరావాలో బిడ్డను కంది, ఆ బిడ్డ మొహం ఇతను ఫోన్లో తప్ప చూడలేదు. వారం కిందటి పరీక్షలో బిరిబోకి నెగటివ్.

కరోటు నేలమీద కూర్చున్నాడు. మంచం మీదున్న బిరిబో అది చూసి తనూ దిగి ఎదురుగా కూర్చున్నాడు. అతని మొహంలో నవ్వు పోయింది.

"ఏంటన్నా, కింద కూర్చున్నావ్?"

"బుబుసి," అన్నాడు కరోటు తల వంచుకుని. "రేపు నీ ముక్కు నాకియ్యరా."

"నా ముక్కు నీ పేరు మీద ఇస్తే, నా పేరు మీద నీ ముక్కు పెట్టాలి. అంతేగా?"

"అంతే."

"అంటే నువ్వు పోతావు, నేనుండిపోతాను."

"నీకు తర్వాత విమానం ఉంటుందిరా. బిడ్డ ఎక్కడికీ పోదు. మీ వదిన ఉండదు."

"అన్నా, ఆ మాట పలక్కుండా అడిగుంటే ఆలోచించుకునేవాణ్ణి," అన్నాడు బిరిబో. కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ మాట అనేశాక ఇంకేముంది? తీసుకో."

కరోటుకి సిగ్గేసింది. సిగ్గేసినా తీసుకున్నాడు. ఆశ పుట్టినవాడికి సిగ్గు ఎంతసేపు నిలుస్తుంది చెప్పండి!

పొద్దున వరండాలో కుర్చీ వేసి పరీక్ష మొదలుపెట్టారు. నర్సు లితియా ఫిజీ మనిషి, భారీ విగ్రహం, గొంతు చర్చి గంట. నిలువునా ప్లాస్టిక్ గౌను, కళ్ళద్దాల నిండా చెమట ఆవిరి.

"రండి పెళ్ళికొడుకులూ, రండి! ముక్కు దాచుకున్నవాడికి విమానం లేదు. నిన్న ఉల్లిపాయలు తిన్నవాడెవడో ముందే చెప్పండి, వాడికి దూరం నుంచే చేస్తా!"

మావాళ్ళు గొల్లున నవ్వారు. మెడలో పేరు చీటీలు మార్చుకుని, ఒకరి చొక్కా ఒకరు తొడుక్కుని అన్నదమ్ములిద్దరూ వరసలో నిలబడ్డారు. ఇద్దరికీ ఒకే నుదురు, ఒకే కళ్ళు. మాస్కు ముక్కు కిందికి మాత్రమే దించాలి. కరోటు పేరు పిలిస్తే బిరిబో వెళ్ళాడు. లితియా చీటీ చూసింది, మొహం చూడలేదు.

"ఏమయ్యా కరోటూ, పాత చుట్టానివి! నీ ముక్కు నాకు మా ఇంటి దారి కంటే బాగా తెలుసు. ఈసారైనా నన్ను వదిలి పో నాయనా," అంది పుల్ల తిప్పుతూ.

ఆ దారి ఆమెకి తెలీనే తెలీదు. తర్వాత బిరిబో పేరు పిలిచారు, కరోటు వెళ్ళి కూర్చుని ఆకాశంలోకి చూశాడు. అంతే, అయిపోయింది. ఆ మధ్యాహ్నమే ఫోన్ చేసి, "ఈసారి నిజంగా ఖాయం, మయేరె. మొగలాకు చాప కొత్తది పరిపించు," అన్నాడు. అటువైపు ఆమె నవ్వింది. నవ్వితే నొప్పి పుడుతుందని తిట్టింది కూడా.

మర్నాడు లితియా కాగితం పట్టుకొచ్చింది. ఈసారి నవ్వులాటలు ఆడలేదు.

"అందరికీ నెగటివ్. ఒక్కడికే పాజిటివ్." ఆమె గొంతు తగ్గింది. "కరోటు. నన్ను క్షమించు నాయనా."

చుట్టూ "అయ్యో, అయ్యో" అన్నారు. ముసలి ఓడ మేస్త్రి ఒకాయన దేవుణ్ణి అడగరాని మాటలు అడిగాడు. కరోటుకి ముందు ఏమీ అర్థం కాలేదు. ఎప్పుడూ వచ్చేదే కదా, అలవాటు చొప్పున తల ఊపాడు కూడా. ఆ తర్వాత తలకెక్కింది. పాజిటివ్ వచ్చిన ముక్కు తనది కాదు, బిరిబోది. బిరిబో పేరు మీద నెగటివ్ వచ్చిన ముక్కు తనది.

తన ముక్కు బాగుపడింది. తన పేరుతో తనే కూర్చునుంటే రేపు విమానంలో ఉండేవాడు. ఎవర్నీ ఏదీ అడక్కుండా, నోరు మూసుకుని తన కుర్చీలో తను కూర్చుంటే చాలు! కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే. కరోటు గోడకి జారగిలబడి, నోట్లో చొక్కా కుక్కుకుని ఏడ్చాడు. అందరూ మూడోసారి కదా పాపం అనుకున్నారు.

పాజిటివ్ వాళ్ళ గది హోటల్ చివర. మధ్యాహ్నం బిరిబో కిటికీ అవతల వచ్చి నిలబడ్డాడు.

"అన్నా, మొన్న నెగటివ్ వచ్చాక ఒకరోజు ఊళ్ళోకి పోయాను," అన్నాడు. "బయటికి పోవద్దన్నారు గానీ, బిడ్డకి బట్టలు లేకుండా వట్టి చేతుల్తో ఎలా పోను? బజార్లో జనం. అక్కడే అంటుకుని ఉంటుంది."

"జ్వరముందా?"

"ఏమీ లేదు. దగ్గు కూడా లేదు. గుర్రంలా ఉన్నాను. నా పేరు మీద నెగటివ్ ఉంది. మనిద్దరికీ తప్ప ఎవరికీ తెలీదు. నేను పోతాను."

"టరావాలో దిగ్గానే మళ్ళీ పెడతార్రా పుల్ల."

"పెట్టనీ. అప్పటికి నేను మన నేల మీద ఉంటా. అక్కణ్ణుంచి వెనక్కి పంపరుగా. వాళ్ళ క్వారంటైన్‌లో పడుంటా."

వాళ్ళ క్వారంటైన్! కరోటుకి అది కళ్ళకు కట్టింది. కాపలా వాళ్ళంతా ఎవరో ఒకరి మేనమామలు, బావలు. బిడ్డను ఒక్కసారి ఎత్తుకుంటానని బిరిబో అడిగితే లేదనగలిగినవాడు కిరిబాస్‌లో పుట్టాడా? కంచె దాటి చేప కూర లోపలికి వస్తుంది, బిడ్డ లోపలికి వస్తుంది, జబ్బు బయటికి పోతుంది. రెండు వారాల్లో పడవెక్కి ఓనోటోవా చేరుతుంది. అక్కడ ఆస్పత్రి అంటే ఒక గది, ఒక నర్సు. బండిలో కూర్చున్న మయేరె చుట్టూ ఎప్పుడూ జనం మూగి ఉంటారు.

"పోవద్దురా," అన్నాడు.

"ఏం? ఆ మాట మళ్ళీ పలుకుతావా?" బిరిబో గొంతు లేచింది. అంతవరకూ అన్న ముందు గొంతెత్తని కుర్రాడు. "పలుకు! ముక్కు అడిగావు, ఇచ్చాను. ఇప్పుడు కాళ్ళు అడుగుతావా? రేపు నా పెళ్ళాన్ని అడుగు, బిడ్డని అడుగు! నీకు భార్య ఉంటే నాకు లేదా? నీ ఏడుపు ఏడుపు, నాది నీళ్ళా?"

కరోటు ఆ మాట పలకలేదు. పలికితే వాడు ఇస్తాడు, అది తెలుసు. అందుకే నోరు రాలేదు.

"నేను లితియాతో చెప్పేస్తాను," అన్నాడు. "తప్పంతా నాదని చెబుతా. నువ్వు నా మీద ఉమ్మెయ్యి, పడతాను."

బిరిబో ఉమ్మలేదు. కిటికీ చువ్వలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చివరికి, "చెప్పుకో పో," అని వెళ్ళిపోయాడు.

లితియా అంతా విని ముక్కున వేలేసుకోబోయి, మాస్కు అడ్డమొచ్చి ఆగింది. "బుద్ధి గడ్డి తిందా మీకు? ఒక్క ముక్క నాతో ముందే అనుంటే, పాజిటివ్ వచ్చినా నీ ఒక్కడికి రెండోసారి చేసేదాన్ని కదయ్యా," అంది. కోపంతో మొదలుపెట్టి ఏడుపుతో ముగించింది. ఆమె మాత్రం ఏం చెయ్యగలదు, పైవాళ్ళకి చెప్పాలి కాబట్టి చెప్పింది. సాయంత్రానికి టరావా నుంచి కబురొచ్చింది: ఆ హోటల్ పరీక్షలేవీ నమ్మం, అక్కడి మనుషులెవ్వరూ రావద్దు. విమానం రద్దు. మళ్ళీ ఎప్పుడన్నది తర్వాత ఆలోచిస్తాం.

నిజం చెప్పినందుకు కరోటు ఒక్కడే ఆగిపోతే ఏదో ఒకటి అనుకోవచ్చు. అందరూ ఆగిపోయారు. సర్దిన పెట్టెలు విప్పుకున్నారు. ఎవ్వరూ అతన్ని కొట్టలేదు, తిట్టలేదు. మేస్త్రి ముసలాయన రాత్రి తిండి తెచ్చి గుమ్మంలో పెట్టి, ఒక్క మాటైనా మాట్లాడకుండా పోయాడు. తిట్టుంటే బాగుండేది.

మర్నాడు పొద్దున ఫోన్ చెయ్యాలి. విమానం ఎక్కే ముందు చేస్తానని మాటిచ్చాడు మరి. మయేరె అప్పటికే బండిలో వచ్చి కూర్చునుంది. చుట్టూ కోళ్ళు, పిల్లల గోల వినపడుతున్నాయి.

"ఎక్కావా?" అంది. గొంతు సన్నబడిపోయింది.

"లేదు, మయేరె. ఈసారి కాస్త... విమానం ఆలస్యం. ఇంకో విమానం వేస్తారట. వస్తున్నా, తప్పకుండా..."

"ఏమయ్యా," అని ఆపింది. ఊపిరి తీసుకోవడానికి కాసేపు పట్టింది. "నువ్వు వస్తున్నానన్న ప్రతిసారీ నేను ప్రాణం బిగబట్టుకుని కూర్చుంటున్నాను. ఈ నొప్పితో అట్లా కూర్చోవడం ఎంత కష్టమో నీకు తెలీదు. కొత్త చాప కూడా వేయించాను. అలిసిపోయానయ్యా. వస్తున్నావా, రావట్లేదా? ఒక్కటి చెప్పు, నిజం చెప్పు."

కరోటు సముద్రం వైపు చూశాడు. హోటల్ చివర పాజిటివ్ గది వరండాలో బిరిబో బిడ్డ బట్టలు మడతపెట్టి పెట్టెలో దాచుకుంటున్నాడు.

"రావట్లేదు, మయేరె," అన్నాడు.

"హమ్మయ్య," అంది ఆమె.

ఆ తర్వాత ఆమె తమ్ముడు ఫోన్ తీసుకుని, ఎండెక్కుతోంది బావా, అక్కని ఇంటికి తోసుకుపోవాలి, ఉంటాను అన్నాడు.