రాతిపొడి కాదు

తాండూరు బండల పాలిష్ యూనిట్లలో ఎవరి కన్ను ఎర్రబడినా రాతిపొడి పడిందంటారు, ఎవరి నడుము పట్టేసినా బండలు మోసి మోసి అంటారు. ఇంకో కారణం వెతికే అలవాటు మాకు లేదు. మా ఆయన బాలస్వామి కుడికన్ను నిప్పుకణికలా మారినప్పుడు నేనూ అదే అన్నాను. యూనిట్లో అందరి కళ్లలో పొడి తీసే దేవమ్మ చీరకొంగు కొసతో వెతికి వెతికి, ఏమీ దొరక్క ఆముదం చుక్క వేసి పంపింది.

ఆయన పని, పాలిష్ అయిన బండను వెలుతురుకు వంచి సన్నగీతలు పట్టడం. ఇప్పుడు వెలుతురు చూస్తేనే నీళ్లు కారుతున్నాయి, అంతా మసక. గీతలున్న బండలు లారీ ఎక్కేసరికి సేటు ఆయన్ని ఆ పని నుంచి తప్పించాడు. మొండిమనిషి, డాక్టరు దగ్గరికి రానంటాడు. నేను ఊరుకుంటానా? రైలెక్కించి వికారాబాద్ ఈడ్చుకుపోయాను.

కళ్ల డాక్టరు పద్మారాణి కంట్లోకి దీపం వేసి చూసి, పొద్దున లేవగానే నడుము పట్టేస్తుందా అని అడిగింది. కన్ను చూపించుకోను వస్తే నడుము సంగతెందుకని మా ఆయన చిర్రుబుర్రులాడుతూ లేవబోయాడు. భుజం పట్టి కూర్చోబెట్టాను.

"పండుకుంటే ఎక్కువైతది మేడమ్. పనిల వడితే తగ్గుతది," అన్నాను.

"బండలు మోసిన నొప్పయితే పడుకుంటే తగ్గాలి కదమ్మా," అందామె.

పరీక్షల్లో తేలింది, రెండూ ఒకటే జబ్బు. ఒంటిని కాపాడాల్సిన శక్తే తిరగబడి నడుము కీళ్లనూ కన్నునూ వాపెక్కిస్తోందట. ఆలస్యమైతే చూపు పోయేదట. గంటగంటకూ స్టెరాయిడ్ చుక్కలు, కంటిపాప అతుక్కోకుండా ఇంకో మందు, కీళ్ల డాక్టరు రాసిన మాత్రలు. ఎరుపు తగ్గగానే చుక్కలు మానేస్తానన్నాడు. ఎప్పుడు మానాలో చెప్పేది డాక్టరని పోట్లాడి మరీ వేశాను.

కన్ను నెమ్మదించిందని డాక్టరు చెప్పాక యూనిట్‌కు నేనూ వెంట వెళ్లాను. సేటు బాగుందని పక్కన పెట్టిన బండనే ఆయన వెలుతురుకు వంచాడు. ఎడమకన్ను అరచేత్తో మూసుకున్నాడు. అటూ ఇటూ తిరిగిన చూపు ఒకచోట ఆగింది.

"గీత కనవడ్డది శ్యామలా."

సేటు వంగి చూసి ఒప్పుకున్నాడు. బండ మీద గీతకు అంతగా మురిసినవాళ్లు తాండూరులో ఇంకెవరూ ఉండరు. అందరి ముందే ఏడ్చాను, సిగ్గేమీ పడలేదు.