వెనకసీట్లో ప్రెసిడెంటు

మా బావ దుర్గారావు కొన్న ఎలక్ట్రిక్ కారులో వెనక తలుపులకు పిడి లేదు, బటనుంది. మద్దిలపాలెంలో ఇరవయ్యేళ్లుగా కారు తాళాలు బాగుచేసి బతుకుతున్న నాకు చూడగానే ఒళ్లు మండింది.

"నీ స్క్రూడ్రైవర్ సంద్రంలో పారీ బావా! ఇంక అంతా బటనే," అన్నాడు.

ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఓనర్ల సంఘానికి ప్రెసిడెంటు కావాలని ఆయన కోరిక. ఆయన నోటికి జడిసి ఇంకెవరూ పోటీకి రాలేదు. ఆ రోజు పదకొండులోగా నామినేషన్ వేయాలి. తన కాగితాల్లో తప్పులుంటాయేమోనని భార్య పేరున డమ్మీ నామినేషన్ కూడా రాయించాడు. ఆ భార్య నా చెల్లెలు పోతమ్మే. బోటు ఆమె పేరు మీదే ఉంది.

పదిన్నరకి, నేనూ పోతమ్మా ఎదురుచూస్తున్న సంఘం ఆఫీసు ముందు కారాగింది. డ్రైవర్ అబ్బులు తలుపేసి టీకి పోయాడు. నాయకుడు గనక వెనక కూర్చున్న మా బావ బటన్ నొక్కాడు. తలుపు కదల్లేదు.

బయట్నుంచైనా లోపల్నుంచైనా, చిన్న మోటారు గొళ్లేన్ని లాగితేనే ఆ కారు తలుపులు తెరుచుకుంటాయి. మోటారుకు కరెంటిచ్చేది బండిని నడిపే పెద్ద బ్యాటరీ కాదు, ఇంకో చిన్న బ్యాటరీ. పొద్దున్నుంచీ దానికే మైకు తగిలించి, "ఒక్క బటన్ నొక్కితే మీ పనులైపోతాయ్!" అని ఊదరగొట్టాడు మహానుభావుడు. అది కాస్తా చచ్చింది.

"ముందు సీట్లోకి దూకీ! ఆ తలుపుకి మాత్రం లోపల సేత్తో లాగే లివరుంది!" అని అద్దం దగ్గర అరిచాను.

"ఓటర్లు సూస్తన్నారు బావా! పెసిడెంటు కోతిలాగ దూకుతాడేటి?"

"పోనీ, అద్దం బద్దలుకొట్టీమంటావేటి?"

"కొత్త కారు! సెయ్యేత్తే సంపెత్తాను!"

పది యాభైకి దూకాడు. పంచె సీటుబెల్టులో చిక్కుకుని తల కిందకి, కాళ్లు పైకి అయ్యాయి. జనం ఫోన్లు తీశారు. నాకు నవ్వాగలేదు. నిజం చెప్పొద్దూ, ఆపుకోలేదు కూడా.

"అన్నా, టైమైపోతంది. ఏటి సెయ్యను?" అంది పోతమ్మ, తన కాగితం పట్టుకుని.

"నీది నువ్వెట్టీ!" అన్నాను.

లోపలికి పోయింది.

పదకొండూ పదికి మా బావ లివరు లాగి కిందపడ్డాడు. అప్పటికే ఆయన తనకోసం తెప్పించుకున్న గజమాల, ఒక్క నామినేషనే పడడంతో ఏకగ్రీవంగా గెలిచిన పోతమ్మ మెడలో ఉంది.

"రాజీనామా ఇచ్చీవే," అన్నాడు, పంచె సర్దుకుంటూ.

పోతమ్మ తెరిచున్న ముందు తలుపులోంచి ఎక్కి కూర్చుంది.

"నువ్వు ఎనక్కూకో మావా. నాను ఇక్కడే కూకుంతాను. ఈ తలుపైతే సేత్తో తీసుకోవచ్చంట."