స్కేలు పెట్టని పేరు

మా ఆయన గంగరాజు ఆలోచించడం మొదలుపెడితే నాకు ఒళ్లు మండుతుంది. పెద్దాపురం మెయిన్ రోడ్డులో సగం షాపుల బోర్డులు ఆయన రాసినవే. ఏనాడూ స్కేలు పట్టిన మనిషి కాదు. వీధి చివర ఫ్లెక్సీ మెషీన్ దిగిన దగ్గర్నుంచి ఆ చేతికి కొలతల జబ్బు చేసింది.

ఆ ఉదయం నాగేశ్వరప్రసాద్ గారి బట్టల షాపు ప్రారంభం. మా ఊరి అమ్మవారి పేరే పెట్టారు, శ్రీ మరిడమ్మ క్లాత్ స్టోర్స్ అని. ముహూర్తం గంటలోకి వచ్చేసినా బోర్డు మీద సుద్దగీతలే. ఈయన నిచ్చెనెక్కి, కంప్యూటర్‌లో అక్షరాలు తీయించిన కాగితం చూస్తూ కొలవడం, గీయడం, చెరపడం. కింద రంగు డబ్బాతో నేను. బోర్డు కుదరకపోతే రేపే ఫ్లెక్సీ పెట్టిస్తానని నాగేశ్వరప్రసాద్ గారు దాచకుండా చెప్పేశారు. పక్క షాపుల వాళ్లూ దీన్ని చూసే తేల్చుకుంటారట.

"కొలతలన్నీ సరిపోయాయే సూర్యకళా. అయినా చూడబుద్ధెయ్యట్లేదు" అన్నాడు. భయమేసింది.

లోపల పంతులుగారు మంత్రాలు అందుకున్నారు. నేనింక ఆగలేదు. పక్కనున్న రెండో నిచ్చెనెక్కి తడిగుడ్డతో గీతలన్నీ తుడిచేశాను.

"కొంప ముంచేశావు కదే."

"ముంచితే ముంచాను. మన పెళ్లికి గోడ మీద పేర్లు రాశారు కదా, ఏం కొలిచారప్పుడు? అలాగే రాయండి."

తిట్టడానికి కూడా టైం లేదు. కుంచె ముంచి ‘శ్రీ’ చుట్టాడు. ఆ తర్వాత చెయ్యి ఆగలేదు. ‘మ’ మిగతావాటికంటే పెద్దదైపోయింది. కింద ఒత్తు బారుగా సాగింది. స్కేలు పెడితే ఒక్కటీ నిలవదు. సరిచేస్తానని గుడ్డ అడిగాడు. నేనివ్వలేదు.

కొబ్బరికాయ కొట్టి అందరూ బయటికొచ్చారు. నాగేశ్వరప్రసాద్ గారు తలెత్తి చూస్తూ ఉండిపోయారు.

వెనకే వాళ్లమ్మ శ్యామలాంబ గారు ప్రారంభోత్సవం కరపత్రంతో విసురుకుంటూ వచ్చారు. కరపత్రం మీదా అదే పేరు, కంప్యూటర్ అక్షరాల్లో. ఆవిడ బోర్డు వైపు చూశారు. అప్పుడే తొడుక్కున్న చెప్పులు విడిచి, కరపత్రం చంకలో పెట్టుకుని, రెండు చేతులూ జోడించారు.

"ఇంక ముట్టుకోకండి గంగరాజు గారూ" అన్నారు నాగేశ్వరప్రసాద్ గారు.

నాకు ఏడుపొచ్చేసింది. పైన మా ఆయనకీ వచ్చినట్టుంది, కుంచె తుడుస్తూ అటు తిరిగిపోయాడు.